త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని సైనికుడు రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా యాప్ ఎలా తయారు చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న మా మేనమామ సైన్యంలో లారీ నడిపి, హవల్దారుగా పదవీ విరమణ చేశారు. ఆయన కుడి బొటనవేలికి పై కణుపు లేదు. మేము తయారు చేసిన మొదటి నమూనా యాప్‌ను ఆయన చేతికిచ్చి, "మామయ్యా, ఏదైనా ఒక చిన్న ప్రమాదం గురించి ఇందులో రాసి పంపించండి" అన్నాను. ఓపికగా పది నిమిషాలు రాశారు. చివర్లో "పంపు" అనే బటన్ నొక్కబోతే, మొండివేలు పక్కనే ఉన్న "రద్దు" మీద పడింది. రాసిందంతా పోయింది. ఆయన విసుక్కోలేదు. ఫోను బల్ల మీద పెట్టి, "ఈ వేలు పోయినప్పుడూ ఇంతే అబ్బాయ్, చెప్పుకోవడానికి చోటు లేకపోయింది" అన్నారు.

ఆ వేలు యుద్ధంలో పోలేదు. లారీ వెనక తలుపును పట్టి ఉంచే కొక్కెం అరిగిపోయింది. సామాను దించుతుండగా తలుపు ఒక్కసారిగా చేతి మీద పడింది. అదే కొక్కెం అంతకుముందు రెండుసార్లు జారింది. రెండుసార్లూ ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి నవ్వుకుని ఊరుకున్నారు. ఆ రెండింటిలో ఏ ఒక్కటి కాగితం మీదికి ఎక్కినా కొత్త కొక్కెం వచ్చి ఉండేది.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదువుతున్నవారు, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలు నడుపుతున్నవారు చాలామంది సైన్యానికో, ఎన్‌సీసీకో, గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉన్న ఎన్‌డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పదో బెటాలియన్ వంటి దళానికో పనికొచ్చేది చేయాలని ఆశపడుతుంటారు. మీరు వారిలో ఒకరైతే ఈ వ్యాసం మీ కోసమే. కోడ్ రాయడం మీకు వచ్చు. ఇక్కడ చెప్పేది అంతకుముందు ఆలోచించవలసినవీ, ఆ తరువాత మరచిపోకూడనివీ.

మొదటి అడుగు: ఏ వార్త కోసం ఈ పరికరమో తేల్చుకోండి

మనిషి చనిపోతే, విమానం కూలితే ఆ వార్త యాప్ లేకపోయినా అందుతుంది. విచారణ మొదలవుతుంది. అందనిది చిన్న వార్త. జారిన కొక్కెం, ఖాళీ అనుకున్న తుపాకీలో మిగిలిన తూటా, బ్రేకు తొక్కితే పక్కకు లాగిన జీపు, ఎండలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయిన కుర్రవాడు. మీ పరికరం వీటి కోసం.

దీని విలువ అర్థం కావాలంటే ఒక విమానం కథ తెలియాలి. 1974 డిసెంబరు 1న అమెరికాలో టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థకు చెందిన 514 విమానం వాషింగ్టన్ సమీపంలో కొండను ఢీకొట్టింది. 92 మంది చనిపోయారు. దిగడానికి అనుమతి ఇచ్చినప్పుడు ఎంత ఎత్తు వరకు దిగవచ్చన్న విషయాన్ని పైలట్లు ఒక రకంగా, కింద ఉన్న కంట్రోలర్లు మరో రకంగా అర్థం చేసుకున్నారు. ఆరు వారాల ముందు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి అదే చోట, అదే పొరపాటుతో కొండ అంచు దాకా వెళ్ళి బయటపడింది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది కూడా. ఆ హెచ్చరిక పక్క సంస్థ పైలట్ల చెవిన పడే దారి మాత్రం అప్పటికి లేదు. ఆ దారి వేయడానికే 1976లో నాసా ఆధ్వర్యంలో విమానయాన భద్రతా నివేదికల వ్యవస్థ మొదలైంది. ఇప్పటికి 20 లక్షలకు పైగా నివేదికలు దానికి అందాయి. గోటితో పోయేది గొడ్డలి దాకా రాకూడదన్న మన సామెతకు అంతకన్నా పెద్ద ఆచరణ నాకు కనిపించలేదు.

సైన్యాల సంగతి చూస్తే, 2010 నుంచి 2019 ఆర్థిక సంవత్సరం వరకు అమెరికా సైన్యం, మెరైన్ దళాల యుద్ధ వాహనాలకు యుద్ధంతో సంబంధం లేకుండా జరిగిన ప్రమాదాలు 3,753. వాటిలో 123 మంది చనిపోయారు. డ్రైవర్ ఏమరుపాటు, పర్యవేక్షణ లోపం, శిక్షణ చాలకపోవడం ఎక్కువగా కనిపించిన కారణాలని వారి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2021లో తేల్చింది. ఇవేవీ ఒక్క రోజులో పుట్టేవి కావు. బోల్తా పడక ముందు ఆ బండి ఎన్నోసార్లు తూలి ఉంటుంది.

రెండో అడుగు: హద్దులు తెలుసుకోండి

ఇది చిన్న అడుగే, కానీ దాటవేస్తే చిక్కుల్లో పడేది మీరే. ఉద్యోగంలో ఉన్న సైనికులను నిజమైన సంఘటనల గురించి అడగకండి. యూనిట్ పేరు, ఆయుధం వివరం, దళాల కదలిక మీ ల్యాప్‌టాప్‌లోకి రాకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. 2020 జులైలో భారత సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమన్నది. అలాంటి చోట "ప్లే స్టోర్ నుంచి దించుకోండి" అనే ఆలోచన మొదటి రోజే వదిలేయాలి.

నమూనా దశలో కల్పిత సంఘటనలు వాడండి, విశ్రాంత సైనికులతో పరీక్షించండి. రక్షణ రంగంలోకి చిన్న సంస్థలు అడుగుపెట్టడానికి 2018లో మొదలైన ఐడెక్స్ పథకం ఉంది. దాని ద్వారానో, స్థానిక ఎన్‌సీసీ విభాగం అనుమతితోనో ముందుకు వెళ్ళండి.

ఇంకొకటి. మీ యాప్ విచారణ చేయదు. సైన్యంలో విచారణ జరిపే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీకి 1954 సైనిక నియమావళిలో 177వ నియమం ఉంది. దాని పని అది చేస్తుంది. తప్పెవరిదో తేల్చే దారినీ, మళ్ళీ జరగకుండా చూసే దారినీ కలిపేస్తే జనం రెండో దారిలో నడవడం మానేస్తారు. అమెరికా సైన్యంలో ఈ రెండు రకాల విచారణలనూ వేరువేరుగా ఉంచుతారు. భద్రతా విచారణలో నమ్మకంతో చెప్పిన మాటను శిక్ష వేయడానికి వాడరు.

మూడో అడుగు: మనుషుల దగ్గర కూర్చోండి

ఇక్కడ మనకు మనుషుల కొరత లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వచ్చే పెద్దలు ఉన్నారు. కాస్త దూరం వెళ్ళగలిగితే తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఉంది. అక్కడ ఇంటింటికీ సైన్యంతో బంధం ఉంది. వాహనాల మరమ్మతు పని ఎలా ఉంటుందో చూడాలంటే విజయవాడ ఆటోనగర్‌కు మించిన బడి లేదు. చేతుల నిండా గ్రీజుతో లారీ కింద పడుకున్న మెకానిక్ పరిస్థితికీ, సైనిక వాహనాల షెడ్డులో పనిచేసే మనిషి పరిస్థితికీ పెద్ద తేడా ఉండదు.

"యాప్‌లో ఏమేమి ఉండాలి?" అని అడగకండి. అలా అడిగితే మర్యాదకు నాలుగు మాటలు చెప్పి పంపేస్తారు. "అమ్మయ్య, బతికిపోయాం అని చివరిసారి ఎప్పుడు అనుకున్నారు?" అని అడగండి. తరువాత "ఎవరితో చెప్పారు?" అనండి. ఆ పైన నోరు మెదపకుండా వినండి. మేము కలిసిన పెద్దలు చెప్పకపోవడానికి ఇచ్చిన కారణాలు తిరిగి తిరిగి మూడింటి దగ్గరకే వచ్చాయి. సెలవు ఆగిపోతుందన్న భయం ఒకటి. తోటివాడి మీదికి వస్తుందన్న మొహమాటం రెండోది. చెప్పినా ఏమీ మారదన్న నిరాశ మూడోది. మొదటి రెండింటికీ గోప్యత మందు. మూడోదానికి మందు మీ సాఫ్ట్‌వేర్‌లో కొంతే ఉంది. మిగతాది అవతల కూర్చుని చదివే మనిషి చేతిలో ఉంది. దాని గురించి చివర్లో చెబుతాను.

నాలుగో అడుగు: ప్రశ్నలు రాయండి, తరువాత చాలావరకు కొట్టేయండి

మా మొదటి ఫారంలో ఇరవైకి పైగా గళ్ళు ఉండేవి. సంఘటన స్వభావం, ఘటనా స్థలి, నష్టం అంచనా, ప్రత్యక్ష సాక్షుల వివరములు, ఇలా సాగేవి. ప్రభుత్వ కాగితాల భాష మన చేతికి ఎంతగా అలవాటైందంటే, కొత్తది రాయమన్నా అదే వస్తుంది. అందులో ఒక్కో గడినీ పట్టుకుని, "ఇది తెలియకపోతే రేపు ఉదయం ఏ పని ఆగిపోతుంది?" అని అడిగాము. ఏ పనీ ఆగదని తేలినవన్నీ తీసేశాము. చివరికి నాలుగు మిగిలాయి.

"ప్రమాదం ఇప్పటికీ ఉందా?" ఇది అన్నిటికన్నా ముందు రావాలి. ఉంది అని నొక్కితే ఫారం అక్కడే ఆగి, "ముందు మీ పైవారికి నోటితో చెప్పండి, తరువాత ఇక్కడ రాయండి" అని చూపాలి. గ్యాస్ కారుతుంటే ఎవరూ ఫారం నింపుతూ కూర్చోకూడదు.

"ఏం జరిగింది?" ఒక పెద్ద ఖాళీ గడి. జాబితా పెట్టి ఎంచుకోమంటే చాలామంది "ఇతరములు" నొక్కి వెళ్ళిపోతారు. వాక్యాలను వర్గాలుగా విడదీసే పని చదివేవారిది.

"ఎక్కడ, ఎప్పుడు?" తేదీ, సమయం ఫోనే నింపాలి. మార్చుకునే వీలు ఉండాలి. సైన్యంలో సమయం 24 గంటల లెక్కలో చెబుతారు కాబట్టి ఉదయం, సాయంత్రం అని అడగకండి.

"మళ్ళీ జరగకుండా ఏం చేస్తే బాగుంటుంది?" ఈ ప్రశ్నను తీసేయమని మా బృందంలోనే ఒకరు పట్టుబట్టారు. పరిష్కారం చెప్పడం సిపాయి పని కాదన్నది ఆ వాదన. ఉంచినందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను. యంత్రాన్ని రోజూ ముట్టుకునే చేతికి దాని లోపం ముందే తెలుస్తుంది.

నష్టం విలువ ఎంత అని చెప్పినవాడిని అడగవద్దు. అమెరికా సైన్యంలో ప్రమాదాలను తరగతులుగా విభజిస్తారు. 2020 ఆర్థిక సంవత్సరం నుంచి 25 లక్షల డాలర్లు, అంతకు మించిన నష్టం జరిగితే ఏ తరగతి, 6 లక్షలు దాటితే బి, 60 వేలు దాటితే సి, 25 వేలు దాటితే డి. మనిషికి తగిలిన దెబ్బ తీవ్రతను బట్టి కూడా తరగతి మారుతుంది. లెక్కలు కట్టే కార్యాలయానికి ఇది అవసరమే. కానీ పగిలిన అద్దం ముందు నిలబడ్డ డ్రైవర్‌కు దాని ఖరీదు ఎలా తెలుస్తుంది? తెలియనిది అడిగితే ఫారం మూసేస్తాడు.

ఇక భాష. తెలుగులో ఒక గొప్ప వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోండి. "గ్లాసు పగిలింది" అంటాం, "గ్లాసు పగలగొట్టాడు" అంటాం. జారింది, జార్చాడు. విరిగింది, విరగ్గొట్టాడు. క్రియ చిన్నగా మారగానే సంఘటన కాస్తా నేరమవుతుంది. మీ ఫారంలో ప్రతి వాక్యమూ మొదటి రకంలో ఉండాలి. "ఎవరు సరిగా బిగించలేదు?" అని రాయకండి, "ఏది వదులైంది?" అని రాయండి. "నిర్లక్ష్యం" అన్న మాట స్క్రీన్ మీద ఎక్కడా కనిపించకూడదు. ఆ మాట చూడగానే ఏ తప్పూ చేయనివాడు కూడా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటాడు.

యూనిట్లో పది రాష్ట్రాల వారు ఉంటారు. హిందీ అందరికీ వచ్చినా, భయపడిన క్షణంలో మనిషికి నోటికి వచ్చేది తల్లి భాషే. తెలుగు లిపిలో రాసినా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా, హిందీ కలిపి రాసినా తీసుకోండి. అక్షర దోషాల కింద ఎర్ర గీతలు వేయకండి.

ఐదో అడుగు: వేలికీ ఎండకూ చీకటికీ తగ్గట్టు స్క్రీన్

ఆండ్రాయిడ్ సూచనల ప్రకారం నొక్కే బటన్ కనీసం 48 యూనిట్లు, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలి. అది ఆఫీసులో కూర్చున్న శుభ్రమైన వేలికి సరిపోతుంది. మా మామయ్య వేలు చూశాక మేము స్క్రీన్ వెడల్పంతా ఒకే బటన్ పెట్టాము. "రద్దు" అనేదాన్ని అసలు తీసేశాము. రాసిన ప్రతి అక్షరం వెంటనే ఫోనులో దాచుకునేలా చేశాము. మధ్యలో పిలుపు వచ్చి లేచి వెళ్ళినా, తిరిగి తెరిస్తే వదిలిన చోటే ఉంటుంది. పంపిన తరువాత కొద్ది సేపటి వరకు "వెనక్కి తీసుకో" అనే వీలు ఉంచాము.

ఎండ సంగతి మనకు వేరే చెప్పనక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి మీ స్క్రీన్ చదవండి. బూడిద రంగు అక్షరాలు మాయమవుతాయి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. ఎండలో వాడేదానికి 7కు 1 కన్నా తగ్గవద్దు. చెమట చుక్క స్క్రీన్ మీద పడితే ఏం జరుగుతుందో కూడా అక్కడే తెలుస్తుంది.

రాత్రి సంగతి వేరు. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కాపలాలో ఉన్న మనిషి తెల్లటి స్క్రీన్ ఒక్కసారి తెరిస్తే ఆ అరగంట వృథా. పైగా ఆ వెలుతురు దూరానికి కనిపిస్తుంది. నల్లటి వెనక తెర మీద మసక ఎరుపు అక్షరాలతో రాత్రి రూపం ఒకటి తప్పకుండా ఉండాలి. శబ్దం, వెలుతురు, వైబ్రేషన్ ఏవీ వాటంతట అవి రాకూడదు.

ఆరో అడుగు: సిగ్నల్ లేని చోటు, ఫోనే లేని చోటు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు సైనికులు వచ్చారు, గండ్లు పూడ్చే పనిలో రాళ్ళు నింపిన ఇనుప వల బుట్టలతో నీటికి ఎదురొడ్డారు. ఆ వారం మన ఫోన్లకు సిగ్నల్ ఎలా ఉందో, చార్జింగ్ ఎలా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ప్రవాహంలో నడుము దాకా దిగిన మనిషికి కాలి కింద బుట్ట కదిలిందనుకోండి. తడి చేతులతో, ఒక గీత సిగ్నల్‌తో అతను ఏం చేయగలడు? మీ పరికరాన్ని ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టండి.

రాసింది ముందు ఫోనులోనే గుప్త లిపిలో భద్రం కావాలి. సిగ్నల్ దొరికినప్పుడు తనంతట తాను వెళ్ళాలి. ఎక్కడ ఉందో నిజం చెప్పాలి. "మీ ఫోనులోనే ఉంది", "చేరింది", "ఒకరు చదివారు". చక్రం గిరగిరా తిరుగుతుంటే ఏం అర్థం చేసుకోవాలో ఎవరికీ తెలియదు.

కొన్ని సైనిక స్థావరాల్లో ఫోను గేటు దగ్గరే ఇచ్చి లోపలికి వెళ్ళాలి. అందుకే అంతర్గత నెట్‌వర్క్ మీద నడిచే కంప్యూటర్‌లో కూడా ఇదే ఫారం ఉండాలి. ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద తేడా తెస్తుంది. ఆ కంప్యూటర్‌ను "భద్రతా ఫిర్యాదులు" అని బోర్డు పెట్టి విడిగా ఉంచితే, దాని ముందు కూర్చున్న మనిషిని అందరూ చూస్తారు. జీతం చీటీ, సెలవు దరఖాస్తు చూసుకునే కంప్యూటర్‌లోనే ఒక మూల పెట్టండి. ఎవరు ఏ పని మీద కూర్చున్నారో ఎవరికీ తెలియదు.

కాగితం కూడా ఉండాలి. ఆ నాలుగు ప్రశ్నలే, అరచేయంత కార్డు మీద, తాళం వేసిన పెట్టెలో వేయడానికి. డిజిటల్ పని చేస్తున్నాం కదా అని కాగితాన్ని చిన్నచూపు చూడకండి.

ఏడో అడుగు: చెప్పినవాడిని కాపాడండి

ఇది అన్నిటికన్నా కష్టమైనది. పేరు అడగలేదు కాబట్టి గోప్యత వచ్చేసిందని అనుకుంటాం. సైన్యంలో ఒక సెక్షన్ అంటే పది మంది. "మంగళవారం రాత్రి రెండు గంటలకు, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు" అని రాస్తే, పేరు లేకపోయినా ఆ పదిమందిలో ఎవరో పిల్లవాడు కూడా చెప్పగలడు. కాబట్టి నివేదిక పైఅధికారి కంటపడే ముందు రెండు పనులు జరగాలి. ఖచ్చితమైన సమయం "రాత్రి వేళ"గా మారాలి. మనిషిని పట్టిచ్చే వాక్యాలను యూనిట్‌కు బయట ఉన్న ఒకరు చదివి సవరించాలి. నాసా వ్యవస్థలో పేరూ ఫోన్ నంబరూ ఉన్న ముక్కను చింపి, చెప్పినవారికే తిప్పి పంపేస్తారు. అక్కడ ఏమీ మిగలదు.

గొంతుతో చెప్పే సౌకర్యం బాగానే ఉంటుంది, ముఖ్యంగా తెలుగు టైపు చేయడం రానివారికి. కానీ గొంతు వేలిముద్ర లాంటిది. ఫోనులోనే అక్షరాలుగా మార్చి, రికార్డింగును అక్కడికక్కడే చెరిపేయండి.

ఫొటోలదీ ఇదే సంగతి. ఫోనుతో తీసిన ఫొటో ఫైలులో తీసిన చోటు, సమయం, ఫోను రకం దాగి ఉండవచ్చు. పంపే ముందే తుడిచేయాలి. స్థలం వివరాలు ఎంత ప్రమాదమో స్ట్రావా అనే పరుగు యాప్ ప్రపంచానికి నేర్పింది. జనం పరుగెత్తిన దారులన్నీ కలిపి వారు ఇచ్చిన పటంలో, ఎడారుల్లో ఉన్న సైనిక స్థావరాల చుట్టూ సైనికులు పరుగెత్తిన గీతలు వెలిగిపోతున్నాయని 2018 జనవరిలో బయటపడింది. మీ యాప్ స్థలం అనుమతి అడగకూడదు. కాంటాక్టుల అనుమతి అడగకూడదు. సర్వర్ లాగ్‌లలో ఏ కంప్యూటర్ నుంచి ఏ సమయంలో వచ్చిందో మిగిలి ఉంటే, మీరు పైన చేసిన శ్రమంతా నీళ్ళపాలు. వాటిని కూడా చూసుకోండి.

ఎవరో తెలియకపోతే మళ్ళీ ఒక ప్రశ్న అడగడం ఎలా? పంపగానే ఒక సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్య కొడితే జవాబు చూడవచ్చు, అదనపు ప్రశ్నకు బదులు రాయవచ్చు. పేరు అక్కర్లేదు.

అన్నిటికీ రక్షణ ఉంటుందని మాత్రం అబద్ధం చెప్పకండి. కావాలని చేసిన పనికి, నేరానికి నాసా వ్యవస్థ కూడా రక్షణ ఇవ్వదు. పొరపాటున నియమం తప్పిన పైలట్ పది రోజుల్లోగా నివేదిక పంపితే జరిమానా నుంచి మినహాయింపు దొరుకుతుంది, అంతే. మీ మొదటి స్క్రీన్ మీద ఏది దాగుతుందో, ఏది దాగదో రెండు వాక్యాల్లో రాయండి. ఆ వాక్యాలను న్యాయవాది రాసిన తరువాత ఒక సిపాయి చదివి అర్థమైందనాలి.

ఎనిమిదో అడుగు: చదివే అధికారి స్క్రీన్

యూనిట్లను నివేదికల సంఖ్యను బట్టి వరుసలో పెట్టి చూపే పట్టిక వద్దు. అడుగున ఉండాలన్న పోటీతో నివేదికలు ఆగిపోతాయి. నెలకు ఇన్ని పంపాలని లక్ష్యం పెట్టకండి, దొంగ నివేదికలు పుట్టుకొస్తాయి. ఒకే రకం సంఘటనలు పక్కపక్కన కనిపిస్తే చాలు. వేరు వేరు యూనిట్ల నుంచి మూడు కొక్కేలు జారాయంటే అది తయారీ లోపం. ఒక యూనిట్ నుంచి నెలల తరబడి ఏమీ రాకపోతే అధికారి దాన్ని మంచి వార్తగా తీసుకోకుండా వెళ్ళి చూడాలి. మాటల అర్థాలు కూడా ముందే ఒకటి చేసుకోండి. అమెరికాలో సైన్యం, వైమానిక దళం, నౌకాదళం వేరు వేరు వ్యవస్థల్లో నమోదు చేసుకుంటూ వచ్చాయి. వాటిని ఒక దారిలోకి తేవడానికి ఉమ్మడి భద్రతా మండలిని చట్టం చేసి మరీ పెట్టవలసి వచ్చింది.

తొమ్మిదో అడుగు: పరీక్ష

కోడ్ రాయక ముందే స్క్రీన్లను తెల్ల కాగితం మీద గీసి, ఐదుగురితో నింపించండి. పక్కన కూర్చోండి, సాయం చేయకండి. వేలు ఎక్కడ తచ్చాడిందో రాసుకోండి. తరువాత నిజమైన ఫోనుతో మరో ఐదుగురు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ గ్రీజు చేతిని ప్యాంటుకు తుడుచుకుని, చిటికెన వేలితో మా బటన్ నొక్కాడు. చిటికెన వేలికి గ్రీజు తక్కువ అంటుతుందట. అది ఏ పుస్తకంలోనూ మాకు దొరకలేదు. స్టాప్‌వాచ్ పెట్టుకోండి. రెండు నిమిషాలు దాటితే ఒక ప్రశ్న కొట్టేయండి.

అప్పగించే ముందు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిటర్లతో భద్రతా తనిఖీ చేయించండి. సర్వర్ వారి ప్రాంగణంలోనే ఉండాలి, తాళం వారి చేతిలోనే ఉండాలి. పరీక్షల్లో పోగైన డేటా అంతా చెరిపేయండి.

పదో అడుగు: జవాబు

చెప్పినా ఏమీ మారదన్న నిరాశకు ఉన్న ఒకే మందు ఇది. ఒక రోజులో "చదివాము" అని చెప్పాలి. వారంలో ఏం అనుకుంటున్నారో చెప్పాలి. చేయలేకపోతే ఎందుకు చేయలేకపోతున్నారో చెప్పాలి. "విడి భాగం వచ్చేసరికి మూడు నెలలు పడుతుంది, అప్పటి వరకు తాడు కట్టండి" అన్నా మనిషి మళ్ళీ రాస్తాడు. మౌనంగా ఉంటే రాయడు. పేర్లు తీసేసిన నివేదికలను నాసా 1979 నుంచి నెలనెలా ఒక చిన్న పత్రికగా వేస్తోంది. మీరు నెలకు ఒక పేజీ వేయించండి. సాయంత్రం రోల్ కాల్‌లో ఒక సంఘటన చదివి వినిపించమని అడగండి. ఇవన్నీ చేయడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో తేలకుండా పరికరాన్ని అప్పగించకండి.

ఐదో నమూనాతో బ్రాడీపేట వెళ్ళినప్పుడు మామయ్య తన లారీ సంగతే రాశారు. నిమిషం యాభై సెకన్లు పట్టింది. చివరి ప్రశ్న కింద "కొక్కేనికి తోడు గొలుసు వేయండి" అని రాసి పంపారు. వచ్చిన సంఖ్యను చీటీ మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. వారం తరువాత ఫోన్ చేసి, "ఆ నంబరు కొట్టి చూస్తున్నాను, జవాబు లేదేమిటి?" అన్నారు. అది నమూనా మాత్రమేననీ, చదివే మనిషిని ఇంకా పెట్టలేదనీ చెప్పబోయి ఆగిపోయాను. ఆ సాయంత్రమే ఆయన నంబరుకు జవాబు రాశాము: "మీరు చెప్పింది చదివాము. కొక్కేలన్నీ తనిఖీ చేయమని, ప్రతి తలుపుకు గొలుసు బిగించమని షెడ్డుకు చెప్పాము. వచ్చే సోమవారానికి అయిందో లేదో ఇక్కడే రాస్తాము."

సోమవారం ఆయన మళ్ళీ చూశారు. ఆ రోజుకు కూడా రాసి పెట్టాము.